గర్భం లెక్కలో ఆ రెండు వారాలు

మా వారు మీ బ్యాంకులోనే ఆఫీసరు. నేను స్త్రీల వైద్యురాలిని. మన పత్రికకు ఏదైనా రాయమన్నప్పుడు బీపీ గురించో, షుగరు గురించో రాద్దామనుకున్నాను. కానీ బదిలీల మీద నడిచే మన కుటుంబాల నుంచి నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న వేరు. అది తారీఖుల ప్రశ్న. గర్భం ఏ రోజుల్లో నిలుస్తుంది, నిలిచిన సంగతి ఎప్పుడు తెలుస్తుంది, పరీక్ష ఎప్పుడు చేసుకోవాలి, వారాలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? ఈ నాలుగూ సరిగ్గా తెలియక కొత్త దంపతులు ఎంతో దిగులు పడతారు. కొన్ని ఇళ్లలో ఆ దిగులు అనుమానం దాకా వెళుతుంది.

బ్యాంకు వాళ్లకు ఈ సంగతి చెప్పడం ఒక విధంగా సులువు. ఎంట్రీ వేసిన రోజు ఒకటి, వాల్యూ డేట్ మరొకటి కావచ్చని మనందరి ఇళ్లలోనూ తెలుసు. గర్భానికీ అంతే. వైద్యులు వారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టే తేదీ, గర్భం నిజంగా మొదలైన తేదీ ఒకటి కావు. రెంటికీ మధ్య దాదాపు రెండు వారాల తేడా ఉంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నవన్నీ ఆ తేడా చుట్టూనే ఉంటాయి.

ఆరు వారాలంటే ఎక్కడి నుంచి?

ఊళ్లూ పేర్లూ పక్కనపెట్టి, తారీఖులు కాస్త మార్చి ఒక ఇంటి సంగతి చెబుతాను. అబ్బాయికి ఒడిశాలో పోస్టింగు. అమ్మాయి ఇక్కడ అత్తమామల దగ్గర ఉంది. రెండు నెలలు సెలవు దొరక్క, చివరికి జూన్ 10న, రెండో శనివారం నాడు, పది రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. అమ్మాయి నెల తప్పింది. జూలై 13న స్కాన్ చేస్తే రిపోర్టులో ‘6 వారాలు’ అని వచ్చింది.

అత్తగారు లెక్కలు తెలిసిన మనిషి. క్యాలెండరు దించి ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టుకున్నారు. జూన్ 1 తేలింది. కొడుకు వచ్చిందేమో 10న. ఎవరినీ ఏమీ అడగలేదు. కోడలితో మాట్లాడటం మానేశారు, అంతే. మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. మర్నాడు అత్తగారిని కూడా తీసుకురమ్మని, ఇద్దరి ముందూ క్యాలెండరు పెట్టాను. పది నిమిషాల్లో విషయం తేలిపోయింది. ఆవిడ కాసేపు ఊరుకుని, “మా రోజుల్లో నెల తప్పితే ఒకటో నెల అనేవాళ్లం. ఈ వారాలు ఎవరు పెట్టారమ్మా?” అన్నారు.

మంచి ప్రశ్న. అండం విడుదలైన రోజు ఎవరి కంటికీ కనబడదు. నెలసరి మొదలైన రోజు మాత్రం ప్రతి స్త్రీకీ తెలుస్తుంది. అందుకని గుర్తుండే తేదీనే లెక్కకు మొదలుగా పెట్టుకున్నారు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ప్రసూతి వైద్యం బోధించిన ఫ్రాంజ్ నేగెల్ పేరుతో పంతొమ్మిదో శతాబ్దం నుంచి ప్రచారంలో ఉన్న సూత్రం ఇదే: చివరి నెలసరి మొదటి రోజుకు ఏడు రోజులు, తొమ్మిది నెలలు కలిపితే ప్రసవం తేదీ. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. ఆ అమ్మాయికి చివరి నెలసరి జూన్ 1న వచ్చింది. ఏడు రోజులు కలిపితే జూన్ 8, తొమ్మిది నెలలు కలిపితే మార్చి 8. మెటర్నిటీ లీవు కాగితంలో మేం రాసే తేదీ కూడా ఈ లెక్కతో వచ్చిందే. సరిగ్గా ఆ రోజునే కాన్పయ్యేవారు నూటికి నలుగురైదుగురు మాత్రమే, అది వేరే సంగతి.

అంటే 40 వారాల్లో మొదటి రెండు వారాలు గర్భం లేని వారాలు. జూన్ 1న ఆ అమ్మాయికి నెలసరి అవుతోంది. అండం విడుదలైంది సుమారు జూన్ 15న. అప్పటికి భర్త ఇంట్లోనే ఉన్నాడు. జూలై 13న స్కాన్ తీసేటప్పటికి లోపలి పిండం వయసు నాలుగు వారాలు, రిపోర్టులో రాసేది ఆరు వారాలు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో అండం, వీర్యకణం కలిసిన రోజు కచ్చితంగా తెలుస్తుంది కదా, అక్కడ కూడా మేం రెండు వారాలు కలిపే చెబుతాం. అందరి రిపోర్టులూ ఒకే లెక్కలో ఉండాలని.

అండం ఒక్క రోజు, వీర్యకణం ఐదు రోజులు

నెలసరి అయిన పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందని చాలామంది కంఠస్థం చేసి ఉంటారు. అది 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారి మాట. అసలు లెక్క వెనకనుంచి చేయాలి. జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే వైద్యులు 1920లలో విడివిడిగా చెప్పిన సంగతి ఇది: అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈ రెండో సగం అందరిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మారేది మొదటి సగం. 28 రోజుల వారికి అండం మొదటి రెండు వారాల చివర విడుదలవుతుంది. 35 రోజుల వారికి మూడు వారాలు పడుతుంది. 24 రోజుల వారికి పదో రోజుకే విడుదల కావచ్చు.

విడుదలైన అండం బతికేది పన్నెండు గంటల నుంచి ఒక రోజు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకూ చురుగ్గా ఉండగలవు. అందువల్ల అండం వచ్చాక కలుద్దామనుకుంటే ఆలస్యమైపోవచ్చు. ముందే వెళ్లి నాళంలో ఎదురుచూసే వీర్యకణాలకే అవకాశం ఎక్కువ.

అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఆలెన్ విల్కాక్స్ బృందం గర్భం కోరుకుంటున్న 221 మంది స్త్రీల మూత్రాన్ని రోజూ సేకరించి హార్మోన్లు కొలిచింది. 1995లో వారు ప్రకటించిన ఫలితం నేటికీ మాకు ఆధారం. గర్భాలన్నీ ఆరు రోజుల వ్యవధిలో కలిసినప్పుడే నిలిచాయి. అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు. ఐదు రోజుల ముందు కలిస్తే పదింట ఒక వంతు అవకాశం. విడుదల రోజుకు అది మూడింట ఒక వంతు దాకా పెరిగింది. మర్నాటికి అవకాశమే లేదు.

సరి రోజుల్లో కలిస్తే మగపిల్లవాడు, బేసి రోజుల్లో అయితే ఆడపిల్ల అని మన పెద్దలు చెబుతుంటారు. అదే పరిశోధనలో దీన్నీ చూశారు. కలిసిన రోజుకూ బిడ్డ ఆడో మగో కావడానికీ సంబంధం కనబడలేదు. అండంలోకి వెళ్లిన వీర్యకణంలో ఎక్స్ క్రోమోజోమ్ ఉంటే ఆడపిల్ల, వై ఉంటే మగపిల్లవాడు. ఇందులో భార్య చేయగలిగిందీ లేదు, క్యాలెండరు చేయగలిగిందీ లేదు.

రెండో శనివారం, నాలుగో శనివారం

2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. వేరే ఊళ్లో పనిచేసే భర్తో భార్యో ఇల్లు చేరేది ఆ రోజుల్లోనే. “రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాం, నెలకు రెండుసార్లు కలుస్తూనే ఉన్నాం, ఏదో లోపం ఉంది” అంటూ వచ్చే జంటలకు నేను మొదట రక్తపరీక్షలు రాయను. క్యాలెండరు అడుగుతాను.

ఒక లెక్క చూడండి. ఆమెకు 35 రోజులకోసారి నెలసరి. జూన్ 1న వచ్చింది, మళ్లీ వచ్చేది జూలై 6న. దానికి రెండు వారాల ముందు, అంటే జూన్ 22 ప్రాంతంలో అండం విడుదలవుతుంది. అనుకూలమైన ఆరు రోజులు జూన్ 17 నుంచి 22 వరకు. అతను 10న వచ్చి 11 రాత్రి బండెక్కాడు. ఆ వీర్యకణాలు 16 దాకా ఉంటాయేమో. మళ్లీ నాలుగో శనివారం 24న వచ్చాడు. అప్పటికి అండం పోయింది. రెండుసార్లూ రోజో రెండు రోజులో తేడాతో తప్పింది. అదే జంటకు జూలైలో ఆ ఆరు రోజులు 22 నుంచి 27 వరకు వస్తాయి. నాలుగో శనివారం సరిగ్గా 22నే. ఆ నెల నిలవవచ్చు. ఇద్దరిలోనూ లోపం లేదు, సెలవులకూ శరీరానికీ రోజులు కలవలేదు.

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, పరీక్షలు చేయించుకోమంటాం. ఆ ఏడాది కలిసి కాపురం ఉండేవారి సంగతి. దూరంగా ఉండేవారు వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు ‘పెళ్లయి రెండేళ్లు’ అని ఊరుకోకండి. ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్న తారీఖులు, నెలసరి తారీఖులు పక్కపక్కన రాసి తీసుకెళ్లండి. అదే మంచి రిపోర్టు. భర్త పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ. అది ముందే చేయించుకుంటే భార్య ఒక్కతే ఆస్పత్రుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

అండం విడుదలకు ముందు రోజుల్లో యోని స్రావం పలచగా, జారుడుగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. అది గమనిస్తే చాలామందికి సరిపోతుంది. మందుల షాపులో దొరికే అండం కిట్లు విడుదలకు ఒకటి ఒకటిన్నర రోజు ముందు గీత చూపిస్తాయి. పీసీఓఎస్ ఉన్నవారికి అవి తప్పుగా చూపవచ్చు. ఇక ఫోన్లలోని యాప్‌లు చూపే రోజు అంచనా మాత్రమే. విల్కాక్స్ బృందమే 2000లో ప్రకటించిన మరో వ్యాసం ప్రకారం, అనుకూలమైన రోజులన్నీ నెలసరి పదో రోజు నుంచి పదిహేడో రోజు లోపలే వచ్చే స్త్రీలు నూటికి ముప్పై మందే. కలిసి ఉండేవారు యాప్ చూసి కంగారు పడటం కంటే రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే చాలు. ఏ తారీఖూ చూడనక్కర్లేదు.

వేరు పట్టే రోజులు

అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, దాని పక్కనుండే నాళంలో. కలిసిన క్షణం నుంచి అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ మూడు నాలుగు రోజుల పాటు ఆ నాళంలోనే మెల్లగా దిగుతుంది. తర్వాత గర్భసంచిలోకి చేరి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉండి, గోడలో నాటుకోవడం మొదలుపెడుతుంది. నారు పోసినంత మాత్రాన పంట కాదు. నాటిన నారు వేరు పట్టాలి. గర్భమూ అంతే.

ఈ వేరు పట్టే రోజు గురించి అదే బృందం 1999లో లెక్కలు ప్రకటించింది. నిలిచిన గర్భాలలో పిండం నాటుకున్నది అండం విడుదలైన ఆరో రోజు నుంచి పన్నెండో రోజు లోపల. అందులోనూ నూటికి 84 గర్భాలు ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లోనే నాటుకున్నాయి. మన ఉదాహరణలోని అమ్మాయికి జూన్ 15న అండం విడుదలైందనుకుంటే, పిండం నాటుకున్నది జూన్ 23, 24, 25 తేదీల్లో అన్నమాట. అంతవరకూ తల్లి రక్తంలో గర్భం ఆనవాలే ఉండదు.

నాటుకున్నాకే పిండం చుట్టూ ఉన్న కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్ తయారుచేస్తాయి. అండం బయటపడిన చోట అండాశయంలో మిగిలిన చిన్న గ్రంథికి ఇది కబురు పంపుతుంది. ఆ కబురు అందితే ఆ గ్రంథి ప్రొజెస్టెరాన్ తయారీ ఆపదు, గర్భసంచి లోపలి పొర ఊడిపోదు. మనం ‘నెల తప్పింది’ అనేది దీన్నే. కబురు అందకపోతే మామూలుగా నెలసరి వచ్చేస్తుంది.

గీత ఎప్పుడు చూడాలి?

మూత్రంతో చేసే పరీక్ష వెతికేది ఆ హెచ్‌సీజీనే. మొదట్లో అది చాలా తక్కువగా ఉండి రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. జూన్ 22న పరీక్ష చేసుకుంటే ఒకే గీత వస్తుంది. గర్భం లేదని దాని అర్థం కాదు, అప్పటికి పిండం నాటుకోనే లేదు. జూన్ 26న చేసుకుంటే రావచ్చు, రాకపోవచ్చు. జూన్ 29న రావలసిన నెలసరి రాకపోతే, ఒకటి రెండు రోజులు ఆగి చేసుకుంటే జవాబు నమ్మదగినది.

పొద్దున్నే మొదటి మూత్రంతో చేసుకోండి. కిట్ మీద రాసిన నిమిషాల లోపల చూడండి. ఆ సమయంలో రెండో గీత పలచగా కనబడినా గర్భం ఉన్నట్టే. గంట తర్వాత ఎండిన కిట్ మీద కనిపించే మరకను లెక్కలోకి తీసుకోవద్దు. అనుమానంగా ఉంటే రెండు రోజులాగి మళ్లీ చేయండి. గర్భం కోసం ఇంజెక్షన్లు వాడుతున్నవారు మాత్రం వైద్యులు చెప్పిన రోజునే చేసుకోవాలి. వాటిలో కొన్ని హెచ్‌సీజీ ఇంజెక్షన్లే కనుక గర్భం లేకున్నా గీత రావచ్చు. పల్లెల్లో ఉండేవారికి ఆశా కార్యకర్తల దగ్గర ‘నిశ్చయ్’ కిట్లు దొరుకుతాయి.

వేవిళ్ల కంటే ముందు

‘రెండు రోజుల నుంచి వికారంగా ఉంది, రొమ్ములు బరువుగా ఉన్నాయి, గర్భమేనా?’ అని నెల తప్పకముందే అడుగుతారు. రొమ్ముల బరువు, నీరసం, కడుపు ఉబ్బరం, చిరాకు – ఇవన్నీ ప్రొజెస్టెరాన్ పనులు. అండం విడుదలయ్యాక ప్రతి నెలా అది పెరుగుతుంది, గర్భం ఉన్నా లేకున్నా. కాబట్టి ఆ రెండు వారాల్లో శరీరం ఇచ్చే సంకేతాలను బట్టి ఏదీ తేల్చలేం. ఎంత అనుభవం ఉన్న అమ్మమ్మ అయినా, నాలాంటి డాక్టరు అయినా.

అసలు వేవిళ్లు మా లెక్కలో ఐదారు వారాలకు, అంటే నెల తప్పిన వారం రెండు వారాలకు మొదలవుతాయి. తొమ్మిదో వారం ప్రాంతంలో ఎక్కువై, చాలామందికి నాలుగో నెలకల్లా తగ్గుతాయి. కొందరికి అసలు రావు. వాళ్ల బిడ్డకు ఏమీ కాదు. నీళ్లు కూడా ఇమడకుండా వాంతులవుతున్నా, మూత్రం తగ్గిపోయినా మాత్రం ఆస్పత్రికి రావాలి.

పిండం నాటుకునేటప్పుడు రక్తపు చుక్కలు కనబడతాయని అందరూ చదివే ఉంటారు. చాలామందికి అదేమీ కనబడదు. మొదటి వారాల్లో మరకలు కనబడినవారిలో కూడా అవి సాధారణంగా నెలసరి రావలసిన రోజుల చుట్టూ వచ్చాయే తప్ప, నాటుకున్న రోజున రావడం అరుదని పరిశీలనలో తేలింది. దీనివల్ల ఒక చిక్కుంది. ఆ కొద్దిపాటి మరకనే నెలసరి అనుకుని తారీఖు రాసుకుంటే లెక్క ఒక నెల వెనకబడుతుంది. ఈసారి మామూలు కంటే బాగా తక్కువగా, ఒక్క రోజే కనబడితే, పరీక్ష చేసుకోవడం మంచిది.

నిలవని గర్భాలు

1999 నాటి ఆ పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. హార్మోన్ల ద్వారా గుర్తించిన 189 గర్భాలలో 48, అంటే దాదాపు నాలుగింట ఒకటి, చివరి నెలసరి నుంచి ఆరు వారాలు పూర్తికాకముందే పోయాయి. పరీక్ష చేసి ఉండకపోతే ఆ స్త్రీలలో చాలామంది, నెలసరి కొంచెం ఆలస్యమైందనే అనుకునేవారు. పిండం నాటుకోవడం ఆలస్యమైన కొద్దీ పోయే అవకాశం పెరిగింది. తొమ్మిదో రోజు లోపల నాటుకున్నవాటిలో నూటికి 13 పోతే, పదకొండో రోజు దాటినవాటిలో 82 పోయాయి.

ఈ అంకెలు భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంత తొలిరోజుల్లో గర్భం పోవడానికి ఎక్కువగా కారణం క్రోమోజోముల పంపకంలో తేడా. అది అండం, వీర్యకణం కలిసే నాటికే నిర్ణయమై ఉంటుంది. ఆ వారం స్కూటరు నడిపారనో, క్యాష్ కౌంటరులో రోజంతా కూర్చున్నారనో, ఏదో పండు తిన్నారనో పోదు. ఇంట్లో ఎవరైనా అలా అంటే ఈ పేజీ చూపించండి. రెండు గీతలు చూసి నాలుగు రోజులకే నెలసరి వచ్చిన అమ్మాయికి బాధ ఉంటుంది. దాని మీద నింద కూడా వేయనక్కర్లేదు.

తెలియకముందే కావలసినవి

మళ్లీ మన జూన్ క్యాలెండరు దగ్గరికి రండి. బిడ్డ మెదడు, వెన్నుపాము ముందుగా ఒక గొట్టంలా ఏర్పడతాయి. అండం, వీర్యకణం కలిసిన సుమారు 28 రోజులకు ఆ గొట్టం మూసుకుపోతుంది. జూన్ 15కు 28 రోజులు కలిపితే జూలై 13. ఆ అమ్మాయి మొదటి స్కాన్‌కు వెళ్లిన రోజు. తెర మీద గుండె కొట్టుకోవడం చూసి అందరూ సంతోషించేసరికి, వెన్నుపాము పని ఒక దశ పూర్తయిపోయింది.

అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భం తెలిశాక కాదు, గర్భం కోరుకున్నప్పుడే మొదలుపెట్టాలి. కనీసం నెల రోజుల ముందు నుంచి మొదటి మూడు నెలలు పూర్తయ్యేదాకా రోజుకు 400 మైక్రోగ్రాములు. గొట్టం సరిగ్గా మూసుకోని లోపాలు దీనివల్ల చాలావరకు తగ్గుతాయి. షుగరు, మూర్ఛ వంటివి ఉన్నవారికి, ఇంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టినవారికి మోతాదు వేరుగా ఉంటుంది. వైద్యులను అడగాలి. థైరాయిడ్, షుగరు అదుపులో ఉన్నాయో లేదో కూడా ముందే చూసుకోవాలి. వాడుతున్న మందులను నెల తప్పిందని సొంతంగా ఆపకండి, అడిగి మార్చుకోండి. పొగాకు, మద్యం ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆపడానికి ఇదే సమయం.

స్కాన్ కూడా మరీ తొందరగా వద్దు. మా లెక్కలో ఐదో వారానికి సంచి మాత్రమే కనబడుతుంది, గుండె చప్పుడు సాధారణంగా ఆరో వారంలో. 35 రోజుల నెలసరి ఉన్నవారికి అండం వారం ఆలస్యంగా వస్తుంది కాబట్టి బిడ్డ కూడా వారం చిన్నగా కనబడుతుంది. ‘ఎదుగుదల లేదు’ అని హడలిపోకండి. పిండం పొడవును బట్టి తారీఖు సరిచేస్తారు. మొదటి మూడు నెలల్లో కొలిచే ఆ పొడవు నుంచి వచ్చే తేదీయే అన్నిటికంటే నమ్మకమైనది, కాబట్టి ఆ రిపోర్టు పోగొట్టుకోవద్దు.

ఆలస్యం చేయకూడని నొప్పి

నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక బయట నాటుకుంటాయి. వాటిలో పదింట తొమ్మిదికి పైగా నాళంలోనే. పరీక్షలో రెండు గీతలూ మామూలుగానే వస్తాయి. నాళం సాగలేదు, పిండం పెరిగితే పగులుతుంది. ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది బయటపడుతుంది. గీతలు వచ్చాక పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, రక్తపు మరకలు, కళ్లు తిరగడం, భుజం పైన నొప్పి – వీటిలో ఏది కనబడినా ఆ రోజే, అర్ధరాత్రయినా, ఆస్పత్రికి వెళ్లాలి. ‘మొదటి నెలల్లో ఇలాగే ఉంటుందిలే’ అని పొద్దున దాకా ఆగవద్దు. త్వరగా వస్తే కొందరికి మందులతోనే నయమవుతుంది. పగిలాక వస్తే ప్రాణం మీదికి వస్తుంది. భర్త దూరంగా ఉన్న ఇళ్లలో ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఏ ఆస్పత్రికి, మెడికల్ కార్డు ఎక్కడుంది అన్నది ముందే అనుకుని పెట్టుకోవాలి.

చివరిగా మగవారికి ఒక మాట. బ్రాంచిలో లక్షల రూపాయల డిపాజిట్ల గడువు తేదీలు మీకు నోటికి వచ్చు. మీ ఆవిడ నెలసరి తారీఖు మీ ఫోన్లోనూ ఒకటి రాసి పెట్టుకోండి. గర్భం కోరుకుంటే సెలవు ఎప్పుడు అడగాలో అది చెబుతుంది. గర్భం నిలిచాక ఎవరైనా వారాలు లెక్కపెట్టి ముఖం చిట్లిస్తే, ఆ రెండు వారాల సంగతి వివరించాల్సింది మీరే. ఆ మాట కోడలి నోటి నుంచి రావలసిన అవసరం ఉండకూడదు.